కాంక్రీటు దిమ్మలు దింపే ముందు నీళ్లలో ఉన్న రాళ్లను చూడండి: మత్స్యశాఖకు బహిరంగ లేఖ

రాష్ట్ర మత్స్యశాఖ పెద్దలకు, తీరం మీద ఫైళ్లు నడిపే మిగతా శాఖల వారికి నమస్కారం.

అడగాల్సింది ముందే అడిగేస్తాను, లేఖ పొడుగు చూసి పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్. సముద్రంలో కృత్రిమ దిబ్బల పేరుతో కాంక్రీటు దిమ్మలు దింపే ముందు, అక్కడ ఎన్నో వేల ఏళ్లుగా ఉన్న రాళ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి చూడండి. ఏ రాయి ఎక్కడుందో, దాని మీద ఏముందో, చుట్టూ ఏ చేపలు తిరుగుతున్నాయో, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో రాసి పెట్టండి. వాటిలో కొన్నింటినైనా కాపాడండి. ఆ తర్వాత దిమ్మలు వేసుకోండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 2023 నాటికే 10 తీర రాష్ట్రాలకు కలిపి 732 కృత్రిమ దిబ్బల యూనిట్లు, 126 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. ఆలోచన చెడ్డదని అనను. ఇసుక, బురద తప్ప ఏమీ లేని చోట ఒక గట్టి వస్తువు పడితే దాని మీద నాచు పడుతుంది, ఆల్చిప్పలు అతుక్కుంటాయి, చిన్న చేపలు దూరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. పైగా అడుగు ఈడ్చే ట్రాల్ వలలకు అడ్డం పడుతుంది, అది ఇంకో లాభం. కానీ శాస్త్రవేత్తల మధ్య ఎప్పటి నుంచో నలుగుతున్న ప్రశ్న ఒకటుంది: ఈ దిమ్మలు కొత్తగా చేపల్ని పుట్టిస్తాయా, లేక చుట్టుపక్కల చెదిరి ఉన్నవాటిని ఒక చోటికి రప్పిస్తాయా? రప్పించడమే అయితే, ఆ చోటు జీపీఎస్‌లో అందరికీ తెలిసిన రోజున వాటిని పట్టేయడం మరింత సులువవుతుంది. సహజంగా ఉన్న రాళ్లని పట్టించుకోకుండా దిమ్మలు మాత్రం వేయడం, ఊళ్లో ఇళ్లు కూలుతుంటే వదిలేసి ఊరి బయట సత్రం కట్టినట్టే ఉంటుంది.

మన తీరంలో ఎక్కువ భాగం గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. ఉత్తరాంధ్రకి వచ్చేసరికి కథ మారుతుంది. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రం దాకా వచ్చేస్తాయి, ఒడ్డున ఆగకుండా నీళ్ల కిందికి కూడా దిగిపోతాయి. పూడిమడక, యారాడ, రుషికొండ, మంగమారిపేట, భీమిలి, అక్కణ్ణుంచి పైకి విజయనగరం జిల్లా చింతపల్లి దాకా నీళ్ల కింద అక్కడక్కడా రాళ్ల గుట్టలున్నాయి. భారత జంతు సర్వే సంస్థ వాళ్లు స్థానిక డైవర్లతో కలిసి ఈ తీరంలో మునిగి చూసి, ఆ రాళ్ల మీద బతికున్న పగడాలున్నాయని చెప్పారు. లక్షద్వీప్‌లో లాగా పగడాలే కట్టిన దీవులు కావివి. రాయి మనది, దాని మీద అక్కడక్కడా పట్టుకుని పెరిగిన పగడాలు, స్పంజికలు, సముద్రపు విసనకర్రలు. వాటి మధ్య గ్రూపర్లు, స్నాపర్లు, చిలక చేపలు, పసుపు నలుపు చారల సీతాకోకచిలుక చేపలు, రాతి సందులోంచి నోరు తెరుచుకుని చూసే మోరే ఈల్‌లు. వైజాగ్‌లో పుట్టి పెరిగి, బీచ్‌రోడ్డు మీద వేలసార్లు నడిచి, ఇవి ఇక్కడ ఉన్నాయని తెలియనివాళ్లు చాలామంది. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు.

జాలర్లకు మాత్రం తెలుసు. జీపీఎస్ రాకముందు నుంచీ తెలుసు. డాల్ఫిన్ నోస్ ఒక పక్క, ఇంకో కొండ ఇంకో పక్క గురి చూసుకుని, రెండూ కలిసే చోట గాలం వేసేవాళ్లు. ఆ జ్ఞానం తాతల దగ్గర ఉంది, మనవళ్లు ఐటీఐలకీ, హోటల్ ఉద్యోగాలకీ, గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికీ వెళ్లిపోతున్నారు. ఏ ఆఫీసులోనూ ఆ లెక్క రాసిపెట్టినట్టు నాకు కనబడలేదు.

నేను సైంటిస్టుని కాదు. సెలవు రోజుల్లో మాస్కు పెట్టుకుని రాళ్ల దగ్గర తల ముంచే బాపతు. ఆ పిచ్చి వల్లే ఈ విషయం మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను, చదివినకొద్దీ భయం పెరిగింది.

మనుషులు కాల్చిన బొగ్గు, డీజిలు వల్ల భూమ్మీద అదనంగా పోగైన వేడిలో 90 శాతం పైగా సముద్రాలే మింగాయి. ఉష్ణమండల హిందూ మహాసముద్రం 1951 నుంచి 2015 లోపు సగటున 1 డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదికే చెప్పింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలు. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది, ఏసీ రిమోట్ మీద ఒక్క నొక్కు. కానీ పగడానికి ఆ ఒక్క డిగ్రీయే హద్దు. ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెలలో అది అలవాటు పడ్డ వేడికన్నా 1 డిగ్రీ ఎక్కువై, అలా కొన్ని వారాలు నిలిచిందంటే, తన కణాల్లో కాపురం ఉంటూ తనకి తిండి వండిపెట్టే సూక్ష్మ శైవలాలను (కంటికి ఆనని నాచు లాంటివి) అదే బయటికి తోసేస్తుంది. రంగు పోయి, లోపలి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. అప్పటికింకా చావలేదు, ఆకలితో ఉంది. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే పోతుంది, ఆ అస్థిపంజరం మీద నాచు పట్టేస్తుంది.

ఇదేదో ఆస్ట్రేలియా గొడవ అనుకోకండి. 2020 మే నెలలో బంగాళాఖాతంలో వచ్చిన వేడి తరంగం తర్వాత తమిళనాడు పక్కన మన్నార్ సింధుశాఖలో 85 శాతం పగడాలు తెల్లబారాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలో రాశారు. అదే నెలలో అదే వేడి నీళ్ల మీద ఆంఫన్ తుపాను చూస్తుండగానే భయంకరంగా బలపడింది. 2023లో మొదలైన నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారుడులో, ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో 84 శాతానికి తెల్లబారేంత వేడి తగిలింది.

ఇక చేపల సంగతి, అసలు నేను రాయాలనుకున్నది దీని గురించే. సముద్రం వేడెక్కితే చేపలు చల్లటి చోటికి పోతాయి కదా అని ఒక పెద్దమనిషి నాతో తేలిగ్గా అన్నారు. పోయేవి పోతాయి. ఒకప్పుడు ఎక్కువగా కేరళ, కర్ణాటక వైపే దొరికే నూనె కవ్వలు (ఆయిల్ సార్డిన్) తూర్పు తీరానికి వచ్చి, మన దాకా పాకాయి. కానాగంతలు (మాకెరెల్) ఉత్తరానికీ, కాస్త లోతుకీ జరిగాయి. వీటిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు ఎప్పుడో నమోదు చేశారు. అవి గుంపులుగా ఈదే చేపలు, వాటి ఇల్లు నీళ్లే. రాళ్ల చేపల సంగతి అలా కాదు. చాలా చిన్న చేపలు పెద్దయ్యాక ఒక్క రాతి చుట్టూ, కొన్ని మీటర్ల జాగాలోనే బతుకు వెళ్లదీస్తాయి. వాటికి దాక్కోడానికి సందు కావాలి, గుడ్లు అంటించడానికి గట్టి చోటు కావాలి. విశాఖ రాళ్ల నుంచి బయల్దేరి ఉత్తరానికి పోదామంటే మధ్యలో మైళ్ల కొద్దీ ఇసుక, ఆపైన మహానది ఒండ్రు, ఇంకా పైన గంగ బురద. ఎక్కడికి పోతాయండీ?

పోలేనివి అక్కడే ఉండి సర్దుకోవాలి. నీళ్లు వేడెక్కితే చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి, దానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అదే సమయంలో వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. అవసరం పెరిగి సరఫరా తగ్గితే చేప ముందుగా మానుకునేవి ఎదగడం, గుడ్లు పెట్టడం. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కి చెందిన ఒక రకం డామ్సెల్ చేపలను మామూలుకన్నా ఒకటిన్నర నుంచి 3 డిగ్రీలు వేడి నీళ్లలో ఉంచితే గుడ్లు పెట్టడం బాగా తగ్గిపోయింది. వాటి తర్వాతి తరాలు ఊపిరి విషయంలో కొంత తట్టుకున్నాయి, అదొక్కటే కాస్త ఊరట. పాపువా న్యూగినీలో కింబే అఖాతంలో 2023 వేడి తరంగం సమయంలో క్లౌన్ చేపల్ని ఒక్కొక్కదాన్నీ పట్టి కొలిచి వదిలిపెడుతూ వచ్చారు. చాలావరకు పొడవు తగ్గాయి. బక్కచిక్కడం కాదు, నిలువునా పొట్టివైపోయాయి. అలా కుదించుకున్నవే ఎక్కువగా బతికాయి కూడా. పెద్ద చేప పెట్టినన్ని గుడ్లు చిన్న చేప పెట్టదని మత్స్యశాఖకి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక్క మాట, ఎందుకంటే సోషల్ మీడియాలో ఇది అదే పనిగా తిరుగుతోంది. సముద్రం గాల్లోని బొగ్గుపులుసు వాయువును కూడా మింగుతోంది కాబట్టి నీళ్ల ఆమ్లత్వం పెరుగుతోంది. పారిశ్రామిక యుగం మొదలయ్యాక పీహెచ్ 8.2 నుంచి 8.1కి వచ్చింది, అంటే ఆమ్లత్వం ఇంచుమించు 30 శాతం పెరిగినట్టు. పగడాలు సున్నం పోసుకోవడానికి ఇది కచ్చితంగా చెడ్డదే. కానీ ఈ ఆమ్లత్వం వల్ల చేపలకి వాసన తెలియకుండా పోయి, వేటాడే చేప నోట్లోకి నేరుగా ఈదుకుంటూ వెళ్తున్నాయని కొన్నేళ్ల కిందట పెద్ద సంచలనం చేశారు. 2020లో ఇంకో బృందం అవే ప్రయోగాలు మళ్లీ చేసి చూస్తే అలాంటిదేమీ కనబడలేదు. కాబట్టి దాన్ని పట్టుకుని ఎవరూ భయపెట్టక్కర్లేదు. వేడి దెబ్బ చాలు, అందులో అనుమానం లేదు.

పగడం పోతే ఏ చేప ముందు పోతుందంటే దాన్నే తిని బతికే సీతాకోకచిలుక చేప. తర్వాత ఆ కొమ్మల్లో దాక్కునే చిన్నవి. నాచు గీక్కుని తినే చిలక చేపలు కొన్నాళ్లు బాగానే కనిపిస్తాయి, చూసేవాళ్లకి అంతా మామూలుగా ఉందనిపిస్తుంది. మెల్లగా సందులన్నీ కూలిపోయి రాయి బోసిగా అయ్యాక గ్రూపర్ లాంటి పెద్దవీ తగ్గుతాయి. దెబ్బ తగిలిన రోజుకీ, వల ఖాళీగా వచ్చే రోజుకీ మధ్య ఏళ్లు పడుతుంది. అందుకే పట్టిన చేపల టన్నులు మాత్రమే లెక్కేసుకుంటూ కూర్చుంటే ఈ నష్టం కనబడదు.

లక్షద్వీప్ ఈ దారిలో మనకన్నా ముందు నడుస్తోంది. అక్కడ 1998, 2010, 2016లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి, 2024లో మళ్లీ. 1998లో దాదాపు 37 శాతం ఉన్న పగడాల పరుపు 2022కి 19 శాతం దగ్గరికి పడిపోయింది. అక్కడివాళ్లు పట్టే ట్యూనా నడిసముద్రపు చేపే, దానికీ పగడానికీ సంబంధం ఏంటి అనుకోవచ్చు. ట్యూనా కోసం వాళ్లు ఎక్కువగా వలలు వేయరు, కర్ర గాలంతో ఒక్కొక్కటిగా పడతారు, గాలం దగ్గరికి గుంపును రప్పించడానికి బతికున్న చిన్న చేపల్ని నీళ్లలో చల్లుతారు. ఆ చిన్న చేపలు దొరికేది దిబ్బల దగ్గర, లోపలి మడుగుల్లో. రాతి పక్కన ఎరచేప తగ్గితే నడిసముద్రంలో వేట తగ్గుతుంది. మన కోనాం (వంజరం), మన పారలు ఏ రాళ్ల దగ్గరి చిన్న చేపల్ని తిని పెరుగుతున్నాయో మనం ఎప్పుడైనా చూశామా?

ఆ లెక్క అక్కడ ఎలా తెలిసింది? ఇరవై ఏళ్ల పైగా అవే దీవుల దగ్గర మునిగి చూసి రాసుకున్నవాళ్లున్నారు కాబట్టి. మన దగ్గర 37 ఎంతో, 19 ఎంతో చెప్పగలిగేవాళ్లు ఉన్నారా? పగడాలు తెల్లబారే ప్రమాదం గురించి ముందే హెచ్చరించే వ్యవస్థ నడుపుతున్న కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో తెలుగులో మెసేజ్ పంపేది కూడా వాళ్లే. ఆ హెచ్చరికలు మొదలుపెట్టింది అండమాన్, నికోబార్, లక్షద్వీప్, కచ్, మన్నార్‌ల కోసం. హైదరాబాద్‌లో కూర్చుని కచ్ పగడాల వేడి చూస్తాం, పూడిమడక పగడాలని ఎవరూ అడగరు. వాళ్లని తప్పు పట్టను. ఇక్కడ కాపాడాల్సింది ఉందని రాష్ట్రం చెబితేనే కదా వాళ్లు చూసేది.

1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం ఒకటి వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలు. రాసింది ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు (రక్తపింజరిని ఇంగ్లీషువాళ్లు ఆయన పేరుతోనే పిలుస్తారు, పాముల మీద కూడా పనిచేశాడు). జాలర్లు చెప్పిన తెలుగు పేర్లు కూడా అందులో ఎక్కించాడు. కెమెరా లేదు, ఆక్సిజన్ సిలిండర్ లేదు, వలలో పడ్డవి చూసి రాసుకున్నాడు. 220 ఏళ్ల తర్వాత మన దగ్గర డ్రోన్లున్నాయి, శాటిలైట్లున్నాయి, ఆంధ్ర యూనివర్సిటీలో 1950ల నుంచే సముద్ర శాస్త్రం చదువుతున్నారు, పక్కనే సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం ఉంది. మంగమారిపేట రాళ్ల మీద ఏ చేపలు ఎన్ని ఉన్నాయో మామూలు మనిషి తీసి చూసుకునేలా ఒక్క పట్టిక లేదు.

విశాఖకి ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. వేసవి మొదట్లో, మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో గాలి, ప్రవాహాల వల్ల ఇక్కడ అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. యూనివర్సిటీ వాళ్లు దాన్ని ఆ 1950ల్లోనే చదివారు. ఆ సీజన్‌లో ఒడ్డు దగ్గర ఈదేవాళ్లకీ ఒక్కోరోజు నీళ్లు జిల్లుమంటాయి. ఆ చల్లదనం మన రాళ్ల మీది పగడాల్ని వేసవిలో కొంత కాపాడుతూ ఉండొచ్చు. ఇంకోవైపు నుంచి చూస్తే బంగాళాఖాతం లోపలి పొరల్లో అసలే ప్రాణవాయువు తక్కువ, పైకొచ్చే నీళ్లు దాన్నే మోసుకొస్తాయి. రెండిట్లో ఏది ఎంత అన్నది తేలాలంటే రాళ్ల దగ్గర ఏడాది పొడుగునా వేడి, ప్రాణవాయువు కొలవాలి. అరచేతిలో పట్టే ఉష్ణోగ్రత లాగర్లు వస్తున్నాయి, రాతికి కట్టి వదిలేస్తే నెలల తరబడి అవే రాసుకుంటాయి. ఒక్క కాంక్రీటు దిమ్మని బోటెక్కించి దింపే ఖర్చులో ఇలాంటివి ఎన్నో వస్తాయి.

సముద్రం వేడిని మీరు తగ్గించలేరు, అది నాకూ తెలుసు. కానీ వేడితో అల్లాడుతున్న చోట మనం అదనంగా పెడుతున్న బాధలు మన చేతిలో ఉన్నాయి. శుద్ధి చేయని నగరపు మురుగు గెడ్డల (వాగుల) గుండా నేరుగా సముద్రంలోకి పోతోంది. మురుగులోని పోషకాలతో నాచు ఏపుగా పెరిగి పగడాన్ని కమ్మేస్తుంది. కొండలు తవ్విన మట్టి మొదటి వానకే కొట్టుకొచ్చి రాళ్ల మీద పేరుకుంటుంది, పగడానికి వెలుతురు అందదు. రుషికొండ బీచ్‌కి శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందని 2020లో సంబరం చేసుకున్నాం, 2025లో అది పోయిందంటే గగ్గోలు పెట్టి కొద్ది రోజుల్లోనే మళ్లీ తెచ్చుకున్నాం. ఆ హడావుడి చూసి ముచ్చటేసింది, నిజంగానే. కాకపోతే ఆ జెండా స్నానానికి దిగే మనుషుల కోసం. వాళ్లు మునిగే లోతుకి కాస్త అవతల ఏముందో ఆ తనిఖీలో అడగరు.

చట్టం మన వైపే ఉంది. రాతి పగడాలన్నీ వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులి ఉన్న జాబితాలోనే. తీర నియంత్రణ నిబంధనల్లో పగడాలు, మడ అడవులు ఉన్న చోటు అన్నిటికన్నా కట్టుదిట్టమైన 1-ఏ వర్గంలోకి వస్తుంది. అయితే అది వర్తించాలంటే ముందు పగడం ఉందని మ్యాపు మీద ఉండాలి. మన జిల్లాల తీర ప్రణాళిక మ్యాపుల్లో ఈ రాళ్లు గుర్తించారా? గుర్తిస్తే దయచేసి ఆ షీటు నంబర్లు బయటపెట్టండి. జెట్టీలకీ, రిసార్టులకీ, పైపులైన్లకీ అనుమతులు ఇచ్చేటప్పుడు చూసేది ఆ కాగితాన్నే.

వేట సంగతి కూడా మాట్లాడాలి, జాలరి సోదరులు నొచ్చుకున్నా సరే. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదని మన రాష్ట్ర నిబంధన. వస్తున్నాయని చిన్న బోట్ల వాళ్లు చెబుతూనే ఉంటారు. చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల మీద 2022 జనవరిలో విశాఖలో ఊళ్లకి ఊళ్లే కొట్టుకునేదాకా వెళ్లింది. రాళ్లకి చిక్కి తెగిపోయిన వలలు అక్కడే ఉండిపోతాయి, ఎవరూ లాగకపోయినా చేపల్ని, తాబేళ్లని పడుతూనే ఉంటాయి. గ్రూపర్ల విషయం మరీ సున్నితం. చాలా రకాల గ్రూపర్లు ఆడవిగా మొదలై పెద్దయ్యాక మగవిగా మారతాయి. అందరికీ కావాల్సింది పెద్ద చేపే, రేటు పలికేదీ అదే. పెద్దవి తీసేస్తూ పోతే రాతి దగ్గర మగవే మిగలవు. పైగా ఇవి గుడ్లు పెట్టడానికి ఏటా ఒకే చోట గుంపు కడతాయి, ఆ చోటు తెలిసినవాడికి పండగే. అలాంటి రెండు మూడు రాళ్లనైనా ఆ కొద్ది వారాలు మూసేద్దాం. ఎక్కడ, ఎప్పుడు అన్నది మీరు ఆఫీసులో కూర్చుని నిర్ణయించకండి. ఊరి పెద్దలతో కూర్చుని వాళ్లతోనే కట్టు పెట్టించండి. మన పల్లెల్లో కులపెద్దల మాట పోలీసు బోటుకన్నా బాగా పనిచేస్తుంది.

రాళ్ల గురించి ఇంత చెప్పి మడ అడవుల్ని వదిలేస్తే సగమే చెప్పినట్టు. పండుగప్ప కథ గ్రూపర్‌కి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ముందు మగది, పెద్దయ్యాక ఆడది. నది మొగల దగ్గర గుడ్లు పెడుతుంది, పిల్లలు మడ వేళ్ల మధ్య ఉప్పుకయ్యల్లో పెరుగుతాయి. కొన్ని స్నాపర్లు కూడా చిన్నప్పుడు అక్కడే పెరిగి తర్వాత రాళ్లకి చేరతాయి. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు ఉంది, అదృష్టం. కానీ గోదావరి మీద ఆనకట్టలు వచ్చాక డెల్టాకి చేరే ఒండ్రు బాగా తగ్గింది, సముద్రమట్టం పెరుగుతోంది, ఉప్పాడలో ఊరు కోసుకుపోతుండటం అందరం టీవీలో ఏటా చూస్తున్నాం. మడ అడవి నిలవాలంటే నీళ్లు పెరిగినప్పుడు అది లోపలికి జరగడానికి జాగా ఉండాలి. ఆ జాగాలో మనం రొయ్యల చెరువులు తవ్వాం, రోడ్లు వేశాం, కాకినాడ పక్కన ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టిన గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. మొక్కలు నాటుతున్నామని ఫొటోలు వస్తుంటాయి, మంచిదే. ఆటుపోటు నీళ్లు లోపలికి వచ్చే కాలవలు మూసుకుపోతే ఎన్ని నాటినా ఎండిపోతాయి. ముందు కాలవలు తెరిపించండి.

చివరిగా వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. తూర్పు తీరం మొత్తానికీ ఒకే క్యాలెండరు, అన్ని చేపలకీ ఒకే క్యాలెండరు. చెన్నై దగ్గర త్రెడ్‌ఫిన్ బ్రీమ్ చేపలు వేసవి నెలల్లో గుడ్లు పెట్టడం తగ్గించి, చల్లగా ఉండే అక్టోబరు నుంచి మార్చి వైపు జరుపుకుంటున్నాయని సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు 2000ల్లోనే చెప్పారు. చేపలు తేదీలు మార్చుకుంటున్నాయి, జీవో మాత్రం మారడం లేదు. నిషేధం ఎత్తేయమని అర్థం కాదు, దయచేసి ఎవరూ అలా తిప్పకండి. మన తీరంలో ముఖ్యమైన ఒక పది రకాలకి ఏ నెలలో గుడ్లు ఎక్కువో హార్బర్‌లోనే చూసి, అయిదేళ్లకోసారైనా ఆ తేదీలు సరిపోతున్నాయో లేదో తేల్చండి.

ఆ 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఖాళీగా ఉంటారు. కుటుంబానికి 20,000 భృతి ఇస్తున్నారు, సంతోషం. నా ప్రతిపాదన ఇదీ: ఆ రోజుల్లో ప్రతి పల్లె నుంచి కొందరు పెద్దవాళ్లని, కొందరు కుర్రాళ్లని తీసుకుని, భృతికి పైన విడిగా రోజు కూలీ ఇచ్చి, యూనివర్సిటీ వాళ్లతో, డైవర్లతో కలిపి రాళ్ల సర్వేకి పంపండి. వేటకి కాకుండా సర్వేకి మాత్రమే అని బోటుకి అనుమతి రాసివ్వడం మీ చేతిలో పని. పెద్దాయన కొండ గురి చూసి రాయి చూపిస్తాడు, కుర్రాడు జీపీఎస్ నొక్కుతాడు, డైవర్ దిగి ఫొటో తీసి లాగర్ కట్టి వస్తాడు, ఇరుక్కున్న వలలుంటే కోసి తెస్తాడు. చేపల పేర్లు వాళ్లు పిలిచే పేర్లతోనే రాయండి, పక్కన శాస్త్రీయ నామం పెట్టండి. మొదటి ఏడాది పూడిమడక నుంచి భీమిలి దాకా చాలు, రాష్ట్రమంతా ఒకేసారి అని ఫైలు లావు చేయొద్దు. వచ్చిన లెక్క పల్లెలోనే తెలుగులో చదివి వినిపించండి, ఒక కాపీ ఇన్‌కాయిస్‌కి పంపి మన తీరాన్ని కూడా ఆ హెచ్చరికల్లో కలపమని అడగండి.

ఏప్రిల్ 15కి ముందే ఉత్తర్వు రావాలి, ఎందుకంటే నిషేధం మొదలయ్యాక టెండర్లు పిలిస్తే అవి తేలేసరికి బోట్లు మళ్లీ సముద్రంలో ఉంటాయి. కాంక్రీటు దిమ్మలు ఎక్కడ పడాలో ఆ సర్వే చూశాక నిర్ణయించండి, ఇప్పటికే స్థలాలు ఖరారై ఉంటే ఆ జాబితా, అక్కడ అడుగున ఏముందో చూసిన నివేదిక రెండూ వెబ్‌సైట్‌లో పెట్టండి. సర్వేకి మనుషులు తక్కువైతే మాస్కు, ఫిన్స్ నా సొంతవి ఉన్నాయి, బోటులో చోటిస్తే చాలు.

ఇట్లు,
విశాఖ తీరవాసి ఒకడు